ఎడమ దీపం

నాకు ముక్కు మీద కోపమని మా అక్క అంటుంది. ముక్కు మీద కాదు, నాలుక మీద అంటాడు బావ. ఇద్దరూ చెప్పేది నిజమే గానీ, ఆ వారం నాకు పట్టుకున్నది కోపం కాదు, ఒక రకం దురద. ఎక్కడుందో తెలియదు, గోకుదామంటే చెయ్యి అందదు. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే విమానాలు నిలిపే హ్యాంగరు ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలనిపించేది. ఇంతా చేస్తే కారణం గోరంత దీపం.

నేను విమానాల మెకానిక్కుని. పదిహేనేళ్ళుగా ఒకే విమానానికి చాకిరీ చేస్తున్నాను. రెండు రెక్కలకు రెండు ఇంజిన్లు, వాటి ముందు గిర్రున తిరిగే పంఖాలు, తొమ్మిదిమంది ప్రయాణికులు, ఒక్కడే పైలటు. వయసులో నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అందరూ దాన్ని ముసల్ది అంటారు. నేను తప్ప ఇంకెవరైనా అంటే ఊరుకోను. దాన్ని నడిపేది మా బావ, అంటే మా అక్క మొగుడు. నేను వాళ్ళింట్లోనే మేడ మీద గదిలో ఉంటాను. పొద్దున్నే ముగ్గురం ఒకే బల్ల దగ్గర టీ తాగుతాం. బావా నేనూ ఒకే కారులో పనికి వస్తాం. నేను చూసి సంతకం పెట్టిన విమానంలో బావ నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి తిరిగి వస్తాడు. పదకొండు గంటలకు అక్క నాకు ఫోన్ చేసి, "అంతా బాగానేనా?" అని అడుగుతుంది. నేను "ఆఁ" అంటాను. పదిహేనేళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు.

ఇప్పటి విమానాల్లో తెరలుంటాయట. ఎక్కడ ఏం పాడైందో వాక్యం రాసి మరీ చెప్తాయట. మా ముసల్దానికి అంత చదువు లేదు. దానికున్నవల్లా దీపాలే. పైలటు ముందు పలక మీద అగ్గిపెట్టె కంటే చిన్న చదరపు మూతలు, ఒక్కో మూత మీద ఒకటో రెండో మాటలు, మూత వెనక బియ్యపుగింజంత బల్బు. ఎర్రది వెలిగితే చెయ్యి ముందు కదలాలి, బుర్ర తరవాత. పసుపుపచ్చది వెలిగితే బుర్ర ముందు, చెయ్యి తరవాత. నన్నడిగితే ఈ తేడా తెలియనివాణ్ణి సైకిలు కూడా ఎక్కనివ్వకూడదు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది పసుపు దీపం. దాన్ని చిప్ లైటు అంటాం. ఫోన్లలో ఉండే చిప్పు కాదు, ఇనుప రజను. ఇంజిన్ లోపల పళ్ళచక్రమో బేరింగో అరగడం మొదలైతే సన్నటి రజను రాలి నూనెలో కలుస్తుంది. ఆ నూనె దారిలో ఒక మరబిరడా ఉంటుంది, దాని మొనకు అయస్కాంతం. రజను అక్కడ అతుక్కోగానే కరెంటుకు దారి దొరికి, పైలటు ముందు దీపం వెలుగుతుంది. ఎడమ ఇంజిన్‌కొకటి, కుడి ఇంజిన్‌కొకటి. విమానం పుట్టినప్పుడు ఈ రెండు దీపాలూ లేవు. తరవాతెప్పుడో ఎవరో ఖాళీ చూసి బిగించారు. అందుకని పక్కపక్కన కాక ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైది ఎడమ ఇంజిన్‌ది, కిందది కుడి ఇంజిన్‌ది. ఏది ఏదో మూత మీద రాసే ఉంటుంది కాబట్టి పైదా కిందదా అని ఎవరూ చూడరు, రాసింది చదువుతారు.

సోమవారం బావ విమానం దిగుతూనే చెప్పాడు. "ఎడమ చిప్ దీపం వెలిగింది మరదలా. రెండు నిమిషాలు ఉండి దానంతటదే ఆరిపోయింది."

ఎడమ ఇంజిన్ రేకులు విప్పి, కింద పడుకుని, బిరడా ఊడదీసి తెల్లగుడ్డ మీద తుడిచాను. రజను కాదు గదా, మరక కూడా లేదు. కడిగిన ముత్యంలా ఉంది. విమానం రికార్డు పుస్తకంలో "చూడబడినది, ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టాను. అలాంటివి ఏడాదికొకటి వస్తూనే ఉంటాయి.

బుధవారం మళ్ళీ వెలిగింది. మళ్ళీ విప్పాను, మళ్ళీ ముత్యమే. సరే, వైరు ఎక్కడో ఒరుసుకుంటోందేమో చూద్దామనుకున్నాను. ఈ పరీక్షకు ఇద్దరు కావాలి, ఒకరు ఇంజిన్ దగ్గర, ఒకరు దీపం దగ్గర. బావను బతిమాలి సీట్లో కూర్చోబెట్టాను. నేను ఎడమ ఇంజిన్ కింద మోకాళ్ళ మీద కూర్చుని, బిరడా నుంచి వైరు విడదీసి ఇంజిన్ ఇనుముకు ఆనించాను. రజను అతుక్కున్నట్టు దీపాన్ని మోసం చెయ్యడమన్నమాట.

"వెలిగిందా?" అని అరిచాను.

"వెలిగింది," అన్నాడు బావ పైనుంచి.

వైరు తీశాను. "ఆరిందా?"

"ఆరింది. ఇక నన్ను ఇంటికి పోనిస్తావా? మీ అక్క రెండుసార్లు ఫోన్ చేసింది."

వైరు బాగుంది, దీపం బాగుంది, బిరడా శుభ్రంగా ఉంది. మరి వెలగడమెందుకు? ఆ సాయంత్రం కారులో కూడా అదే ఆలోచన. నేను పరధ్యానంగా "ఇక్కడ ఎడమకు తిప్పు" అంటే బావ తన అరిగిపోయిన జోకు వేశాడు. "నీ ఎడమా, నా ఎడమా?" ఇద్దరం ఒకే వైపు చూస్తూ కూర్చున్న కారులో ఎవరి ఎడమైతే ఏమిటి? అక్కకు పెళ్ళయినప్పటి నుంచీ వేస్తున్నాడు ఆ జోకు. అక్క ఇప్పటికీ నవ్వుతుంది, అదే విచిత్రం.

గురువారం బిరడానే మార్చేశాను, పెట్టె విప్పని కొత్తది. ఎడమ ఇంజిన్ నూనె కొంచెం సీసాలో పట్టి పరీక్షకు పంపాను, ఫలితం సోమవారం వస్తుందన్నారు. శుక్రవారం దీపం మళ్ళీ వెలిగింది, ఈసారి నాలుగు నిమిషాలు. బిరడా తీసి చూస్తే దాని మీద నా వేలిముద్ర తప్ప ఏమీ లేదు.

మేనేజరు హ్యాంగరులోకి వచ్చాడు. ఆయనకు విమానం అంటే టిక్కెట్లు, నేనంటే విమానాన్ని ఆపే మనిషి. "ఎన్నిసార్లమ్మా ఈ నాన్నా పులి? ప్రయాణికులు చూస్తున్నారు, భయపడుతున్నారు. దాని మీద కాస్త నల్లటేపు అంటించెయ్యి," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ కథలో చివరికి పులి వచ్చింది సార్. మీరు సగమే చదివినట్టున్నారు," అన్నాను.

"మరి ఆపెయ్యి విమానాన్ని. కారణం రాసి ఆపు."

అక్కడే దొరికిపోయాను. ఏమని రాయాలి? శుభ్రంగా ఉన్న బిరడాను చూపించి ఇంజిన్‌కు జబ్బు అని ఎలా రాయను? నా కోపం నా దగ్గరే ఉండిపోయింది. కోపం అలా లోపల ఉండిపోతే మనిషికి బుద్ధి పనిచెయ్యదు, కనీసం నాకు పనిచెయ్యదు.

అందుకే శనివారం పొద్దున విమానం దగ్గర ఆ మాట అన్నాను. తొమ్మిదిమంది ఎక్కి కూర్చున్నారు, బావ మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఈసారి వెలిగితే మీటర్ల సూదులూ గీదులూ చూస్తూ కూర్చోకు. ఎడమది ఆపేసి, ఒక్క ఇంజిన్‌తో వెనక్కి వచ్చెయ్యి."

"పసుపు దీపానికి ఎర్రదీపం మర్యాదా?"

"చెప్పింది చెయ్యి బావా."

"చేస్తానమ్మా. ఇంట్లో అక్క మాట, ఇక్కడ చెల్లెలి మాట. నా మాట ఎక్కడ చెల్లుతుందో ఎవరైనా చెప్తే బాగుండును." నిమ్మకు నీరెత్తినట్టు అలా నవ్వుతూనే లోపలికి వెళ్ళబోయి ఆగాడు. "ఆఁ, మర్చిపోయాను. ఆ చిప్ దీపాల్లో పైదానికి మూత మూల విరిగింది. పొద్దున బటను నొక్కి దీపాలన్నీ వెలిగించి చూస్తానా, దాంట్లోంచి తెల్లటి వెలుగు వచ్చి కంట్లో గుచ్చుకుంటోంది. తీరిక ఉన్నప్పుడు కొత్త మూత తెప్పించు."

"సరే," అన్నాను. నా ధ్యాస మూతల మీద లేదు.

విమానం లేచి, నీళ్ళ వైపు తిరిగి, చుక్కంతయి కనబడకుండా పోయింది. అవతలి ఒడ్డుకు గంట ప్రయాణం, అందులో నలభై నిమిషాలు నీళ్ళ మీదే. నేను కాలు కాలిన పిల్లిలా హ్యాంగరంతా తిరిగాను. పానాలను సైజుల వారీగా సర్దాను, అవి అంతకుముందే సర్ది ఉన్నాయి. టీ పోసుకుని తాగడం మర్చిపోయాను. ఏదో ఒక పని చేస్తే గానీ ఉండలేననిపించి, పోనీ ఆ మూత సంగతైనా చూద్దామని, వాయిదా వేసిన చిన్న చిన్న మరమ్మతులు రాసుకునే పుస్తకం తీశాను. అందులో రాస్తేనే స్టోర్సు వాళ్ళు సామాను తెప్పిస్తారు.

అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. నలభై దాటగానే వచ్చిన చత్వారం. కళ్ళజోడు ఉంది గానీ బల్ల సొరుగులో ఉంటుంది. పెట్టుకుంటే బావ "ఏం అమ్మమ్మా" అంటాడని పెట్టుకోను. ఆయన లేడు కదా అని తీసి పెట్టుకున్నాను. కొత్త పేజీ కోసం తిప్పుతుంటే మధ్యలో నా చేతిరాతే కనబడింది, రెండేళ్ళ కిందటిది.

"చిప్ లైటు, కుడి ఇంజిన్. మూత మూల విరిగినది. వాడకానికి అడ్డు లేదు. దొరికినప్పుడు మార్చవలెను."

కింద నా సంతకం. సరే, ఇదివరకే రాశానన్నమాట, ఇంకా రాలేదన్నమాట అనుకుని పుస్తకం మూసేసి, చల్లారిన టీ చేతిలోకి తీసుకున్నాను. గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

విరిగింది కుడి దీపం మూత. కుడి దీపం కిందది. బావ పైదాని మూత విరిగిందన్నాడు.

మూతలు వాటంతటవి మెట్లెక్కవు. కిందటి శనివారం పెద్ద తనిఖీలో బల్బులు మార్చడానికి ఆ రెండు మూతలూ తీసింది నేను. దుమ్ము పట్టాయని సబ్బునీళ్ళలో కడిగింది నేను. రెండూ అరచేతిలో ఉండగా ఫోన్ మోగింది. పదకొండు గంటలు, అక్క. "అంతా బాగానేనా?" "ఆఁ." మాట్లాడుతూ మూతలు జేబులో వేసుకున్నాను. తరవాత తీసి నొక్కేశాను, రెండూ టక్కుమని కూర్చున్నాయి. చదివి పెట్టానా? ఎంత తలుచుకున్నా చదివినట్టు గుర్తు రాలేదు. కళ్ళజోడు సొరుగులో ఉంది.

అంటే వారం రోజులుగా రజను రాలుస్తున్నది కుడి ఇంజిన్. కింద దీపం వెలిగి నిజమే చెప్తోంది, దాని ముఖాన నేను "ఎడమ" అని తగిలించాను. నేను రోజూ వెళ్ళి ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ నాడి పట్టుకుని చూస్తున్నాను. మరి బుధవారం పరీక్ష? ఎడమ వైరు ఆనిస్తే పై దీపం వెలిగి ఉంటుంది, దాని మీద "కుడి" అని ఉండి ఉంటుంది. నేను వెలిగిందా అని అడిగాను. వెలిగిందని బావ చెప్పాడు. ఏది వెలిగిందని నేను అడగలేదు, అడగని దానికి ఆయన చెప్పలేదు.

ఇవన్నీ అనుకోవడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు, ఆ తరవాతిది గుర్తు రావడానికి. ఈసారి వెలిగితే సూదులు చూడకు, ఎడమది ఆపెయ్యి అని చెప్పి పంపాను. బావ బాగున్న ఇంజిన్‌ను ఆపేస్తాడు. అరిగిపోతున్న ఇంజిన్ ఒక్కదాని మీద నీళ్ళ మీద మిగులుతాడు. అదీ ఆగిపోతే ఇక చేసేదేమీ ఉండదు.

గడియారం చూశాను. లేచి ఇరవై ఆరు నిమిషాలు.

కంట్రోలు గది రెండంతస్తుల పైన ఉంది. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు, మధ్యలో ఒక చెప్పు జారిపోయింది. అక్కడి కంట్రోలరును మేము మైకాసురుడు అంటాం, మైకు చేతికి దొరికితే వదలడని. తలుపు తోసేసరికి ఆయన ఏదో రాసుకుంటున్నాడు. స్పీకరులోంచి బావ గొంతు వస్తోంది, పొద్దున టీ అడిగిన గొంతే, ఏమీ మారలేదు.

"...ఎడమ చిప్ దీపం వెలిగింది, ఆరడం లేదు. ఎడమ ఇంజిన్ ఆపి వెనక్కి తిరుగుతున్నాను."

మైకాసురుడి చేతిలోంచి మైకు లాక్కున్నాను. "ఆపకు," అన్నాను.

స్పీకరు గరగరలాడింది. తరవాత, "ఎవరది?"

"నేను బావా. ఎడమది ఆపేశావా?"

"లేదు. చెయ్యి లివరు మీదే ఉంది."

"తియ్యి. చెయ్యి తీసెయ్యి."

"పొద్దునేగా ఆపమన్నావు. నీ ఎడమా, నా ఎడమా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన జోకు వెయ్యలేదు, నిజంగానే అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు అర్థం ఉండడం అదే మొదటిసారి.

"మూతలు తారుమారయ్యాయి," అన్నాను. "కిందటి శనివారం నేనే తారుమారు చేశాను. మూత మీద రాసింది చదవకు. వెలుగుతున్నది పై దీపమా, కింద దీపమా చెప్పు."

"కిందది."

"కిందది కుడి ఇంజిన్‌ది. కుడి ఇంజిన్ నూనె సూదులు చూడు."

ఈసారి గరగర ఎక్కువసేపు వినిపించింది. మైకాసురుడు కుర్చీ నా వైపు జరిపాడు, నేను కూర్చోలేదు. ఆ మాట నా ఒక్కదానికీ బావకూ మధ్య కాదు, ఆ చుట్టుపక్కల ఎగురుతున్న అందరికీ వినబడుతుంది. నేనే తారుమారు చేశాను అన్నది కూడా విన్నారు. అప్పుడు అదేమీ పట్టలేదు.

"కుడిదానికి ఒత్తిడి తగ్గుతోంది," అన్నాడు బావ. గొంతు మారింది. "వేడి ఎర్రగీతకు దగ్గరగా ఉంది. నేను ఎడమవే చూస్తున్నాను ఇంతసేపూ. అవి ఇంత బాగున్నాయేమిటా అనుకుంటున్నాను. అయితే కుడిది ఆపనా? ఖాయమేనా?"

ఖాయం అనబోయాను. నోటి దాకా వచ్చింది. వారం నుంచీ నాకు అన్నీ ఖాయమే. ఎడమ ఇంజిన్ అని ఖాయంగా విప్పాను, వైరు బాగుందని ఖాయంగా రాశాను, ఆపెయ్యమని ఖాయంగా చెప్పి పంపాను. నా నోటి మీద నాకే నమ్మకం పోయింది. మైకును రెండు చేతులతోనూ పట్టుకున్నాను.

"నా మాట మీద ఆపకు బావా," అన్నాను. "అది పసుపు దీపం. నువ్వు చూడు. రెండు ఇంజిన్ల సూదులూ చూసి నువ్వే చెప్పు."

పదిహేను అంకెలు లెక్కపెట్టాను.

"ఎడమది అన్నిట్లోనూ బాగుంది. కుడిది అన్నిట్లోనూ పడిపోతోంది," అన్నాడు. "కుడిది ఆపుతున్నాను." ఇంకాసేపటికి, "ఆపాను. ఎడమ ఇంజిన్ లాగుతోంది. వెనక్కి తిరిగాను."

మైకు మైకాసురుడికి ఇచ్చేశాను. ఆయన అంతసేపట్లో మొదటిసారి మాట్లాడాడు, నాతో కాదు, బావతో. దూరం, ఎత్తు, గాలి అన్నీ నెమ్మదిగా అడిగి రాసుకున్నాడు. ఒక్క ఇంజిన్‌తో రావడానికి ముప్ఫై అయిదు నిమిషాలు పడుతుంది. నేను కిటికీ దగ్గర ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడ్డాను. ఎడమ ఇంజిన్ నట్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఈ వారం దాన్ని నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాను. అన్నీ సరిగ్గా బిగించానా? సోమవారం బిగించినవి శుక్రవారం బిగించినవి కలిసిపోయి ఏవి ఏవో తెలియలేదు.

పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"మీ బావ భోజనానికి వచ్చేస్తాడా? నిన్నటిలా ఆలస్యం చేస్తే చల్లారిపోతుంది," అంది అక్క.

"వస్తాడు."

"గొంతేమిటలా ఉంది? అంతా బాగానేనా?"

"ఆఁ," అన్నాను.

ఫోన్ పెట్టేశాక నా మీద నాకు అసహ్యం వేసింది. కానీ ఆ క్షణాన ఇంకో మాట అనడం నా వల్ల కాలేదు.

ముసల్ది చుక్కలా కనబడింది, రెక్క కొంచెం వాలి ఉంది. దగ్గరికొచ్చేసరికి కుడి పంఖా కదలకుండా నిలబడి ఉండడం తెలిసింది. కదలని పంఖాతో అది ఒక చేతికి కట్టు కట్టుకున్న మనిషిలా వచ్చి, రన్‌వే మీద ఒకసారి గెంతి, రెండోసారి కుదురుగా ఆని ఆగింది. నేను కిందికి దిగి చూసేసరికి ప్రయాణికులు మెట్ల మీంచి దిగుతున్నారు. ఒకావిడ పైలటును ఎందుకు తిరిగొచ్చామని అడుగుతోంది. చిన్న మరమ్మతు అన్నాడు బావ.

అందరూ వెళ్ళాక కుడి ఇంజిన్ చల్లారేదాకా ఆగి, రేకులు విప్పి, బిరడా తీశాను. గుడ్డ మీద తుడవక్కర్లేకపోయింది. అయస్కాంతం గొంగళిపురుగులా బొచ్చుతో ఉంది, ఆ బొచ్చులో గోటిముక్కలంత ఇనుప పెచ్చులున్నాయి. ఇది ఇంకా ఎంతసేపు తిరిగేదని ఎవరూ నన్ను అడగలేదు. బావ చూసి, వెళ్ళి చక్రం మీద కూర్చున్నాడు.

మేనేజరు వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకని నేనే ముందు మాట్లాడాను. కళ్ళజోడు పెట్టుకుని ఆయన ముందే విమానం రికార్డు పుస్తకంలో రాశాను. మూతలు తారుమారుగా పెట్టినది నేను. పరీక్షలో ఏ దీపం వెలిగినదో అడగనిది నేను. ఎడమ ఇంజిన్ ఆపమని చెప్పి పంపినది నేను. సంతకం పెట్టి, సంతకం పక్కన వేసే నా ముద్ర తీసి బల్ల మీద పెట్టాను. విచారణ అయ్యేదాకా అది నా దగ్గర ఉండకూడదు, ఆ నియమం నాకు తెలుసు. ఆయన టేపు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ముద్ర తీసుకుని, "మూతలు మార్చెయ్యమంటావా మరి?" అన్నాడు.

"ఇప్పుడే వద్దు. ఎలా ఉన్నాయో అలాగే ఒకసారి పరీక్ష చెయ్యాలి," అన్నాను. "బావా, సీట్లో కూర్చుంటావా?"

బావ లేచి లోపలికి వెళ్ళాడు. నేను బుధవారం కూర్చున్నట్టే ఎడమ ఇంజిన్ కింద మోకాళ్ళ మీద కూర్చుని, వైరు విప్పి ఇనుముకు ఆనించాను.

"ఏది వెలిగింది?" అని అడిగాను.

మేనేజరు విమానం వైపు చూశాడు. నేను వైరు తియ్యలేదు.

"పైది వెలిగింది," అన్నాడు బావ చివరికి. "కుడి అని రాసి ఉంది." తరవాత గొంతు కొంచెం తగ్గింది. "బుధవారం కూడా ఇలాగే రాసి ఉండాలి. నేను ఫోన్ చూసుకుంటున్నాను మరదలా. పసుపు రంగు కనబడింది, వెలిగిందన్నాను."

ఆ మాట పుస్తకంలో లేదు, నాకు తెలియదు కాబట్టి రాయలేదు. మేనేజరు ముందు చెప్పక్కర్లేదు, చెప్పాడు. అప్పటిదాకా పట్టుకుని ఉన్నది అప్పుడు తెగింది. నూనె మరకల నేల మీద అలాగే కూర్చుని ఏడ్చాను. బావ దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఓదార్చడం ఆయనకు రాదు. నా రెండో చెప్పు ఎక్కడ అని అడిగాడు.

జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఇంకా బయల్దేరలేదా? పన్నెండున్నర అయింది. అంతా బాగానేనా?"

బావ నా వైపు చూశాడు. నేనేం చెప్తే అదే తనూ చెప్తాడని తెలుసు.

"లేదక్కా," అన్నాను.

అవతల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"ఏమైంది?" అంది అక్క.

అడిగింది కాబట్టి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.